కోడ్ కన్నా ముందు కేస్ షీట్: అత్యవసర వైద్యుల ప్రశ్నలకు సమాధానాలు

ఆసుపత్రుల్లో రోగనిర్ధారణను అంతర్జాతీయ వర్గీకరణ (ఐసీడీ) ప్రకారం అక్షరాలు, అంకెల కోడ్‌గా నమోదు చేసే పద్ధతి గురించి ఈసారి శీర్షికకు హైదరాబాదు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. రాసినవారిలో ఎక్కువమంది క్యాజువాల్టీలో పనిచేసే వైద్యులు. దాని పదవ సవరణ ఐసీడీ-10 నుంచి పదకొండవదైన ఐసీడీ-11కు మారడానికి ఎలా సిద్ధపడాలన్నదే వారందరి ప్రధాన సందేహం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను ఒకచోట చేర్చి, వ్యక్తుల పేర్లు, ఆసుపత్రుల పేర్లు తీసివేసి సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. కూకట్‌పల్లిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అత్యవసర విభాగం బాధ్యతలు చూస్తున్నాను. మా వైద్యులందరినీ ఐసీడీ-11కు సిద్ధం చేయమని యాజమాన్యం చెప్పింది. వేల కోడ్లున్న ఆ పట్టికను చూసి మా జూనియర్లు బెదిరిపోతున్నారు. రాత్రి డ్యూటీలో రోగులను చూసుకోవాలా, కోడ్లు బట్టీ పట్టాలా అని అడుగుతున్నారు. వైద్యులు ఇందులో ఎంతవరకు నేర్చుకోవాలి?

సమాధానం: కోడ్లు బట్టీ పట్టనక్కరలేదని మీ జూనియర్లకు మొదటి రోజే స్పష్టంగా చెప్పండి. కోడ్‌ను వెతికి పెట్టడానికి రికార్డ్స్ సెక్షన్‌లో శిక్షణ పొందిన కోడర్లు ఉంటారు, కంప్యూటరులో వెతుకులాట సాధనాలూ ఉంటాయి. అయితే కోడరు రోగిని చూడరు, రోగితో మాట్లాడరు. కేస్ షీట్‌లో మీరు రాసిన వాక్యం ఒక్కటే వారికి ఆధారం. ఆ వాక్యంలో లేని వివరాన్ని ఊహించి కోడ్ వేసే అధికారం వారికి లేదు, ఉండకూడదు కూడా. కాబట్టి వైద్యులు నేర్చుకోవలసింది, తమకు పడక దగ్గర ఎలాగూ తెలిసిన విషయాన్ని కాగితం మీదికి పూర్తిగా తీసుకురావడం.

ఈ వర్గీకరణ కొత్తగా పుట్టిందేమీ కాదు. ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టిలాన్ రూపొందించిన మరణ కారణాల జాబితాను 1893లో అంతర్జాతీయ గణాంక సంస్థ ఆమోదించింది. 1948లో వచ్చిన ఆరవ సవరణ నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని బాధ్యత తీసుకుంది. అప్పటి నుంచే మరణాలతో పాటు అనారోగ్యాలకూ ఇందులో చోటు దక్కింది. మనం వాడుతున్న పదవ సవరణను 1990లో, పదకొండవ సవరణను 2019 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించింది. పదకొండవది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక్కో దేశం తన వీలును బట్టి మారుతోంది. ఈ చరిత్ర మీ జూనియర్లకు రెండు నిమిషాల్లో చెబితే చాలు.

వారికి ఎక్కువ సమయం వెచ్చించి చెప్పవలసింది ఐసీడీ-11 నిర్మాణం గురించి. ఇందులో సుమారు 17 వేల రోగనిర్ధారణ వర్గాలున్నాయి. ఒక మూల కోడ్ తీసుకొని, దానికి అనుబంధ కోడ్లను జతచేసి పూర్తి నిర్ధారణను చెప్పడం ఈ పద్ధతి ప్రత్యేకత. కుడా ఎడమా, తీవ్రత ఎంత, ఎముక విరిగితే ఏ రకంగా విరిగింది, నిర్ధారణ తాత్కాలికమా అన్నవి ఈ అనుబంధాల్లో వస్తాయి. ఉదాహరణకు బైకు మీద నుంచి జారిపడి, చేయి ఆనించడం వల్ల మణికట్టు దగ్గర ఎముక విరిగిన వ్యక్తి వచ్చారనుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10లో ముంజేతిలోని రేడియస్ ఎముక కింది చివర విరగడానికి ఎస్52.5 అనే కోడ్ ఉంది. అందులో కుడి ఎడమల తేడా చెప్పే వీలు లేదు. అందువల్ల కేస్ షీట్‌లో ఏ చెయ్యో రాయకపోయినా కోడ్ వేయడం ఆగేది కాదు. ఐసీడీ-11లో ఆ వివరానికి చోటు ఏర్పడింది. ‘మణికట్టు ఫ్రాక్చర్’ అని మాత్రమే రాసి వదిలేస్తే, ఎక్స్‌రే తీయించి, కట్టు కట్టించి, అంతా సరిగ్గా చేసిన వైద్యుడి పని రికార్డులో సగమే కనిపిస్తుంది.

జ్వరాల సంగతి ఇంకా ముఖ్యమైనది. వానాకాలంలో మన నగరంలోని ఏ క్యాజువాల్టీకి వెళ్లినా డెంగీ రోగులు ఉంటారు. ఐసీడీ-11లో ప్రమాద సూచనలు లేని డెంగీకి 1డి20, ప్రమాద సూచనలున్న డెంగీకి 1డి21, తీవ్ర డెంగీకి 1డి22 అని వేర్వేరు కోడ్లున్నాయి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, కాలేయం పెరగడం, ప్లేట్‌లెట్లు పడిపోతూ హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరగడం వంటి సూచనలను మీ వైద్యులు ప్రతి రోగిలోనూ వెతుకుతూనే ఉంటారు, ఎందుకంటే చేర్చుకోవాలా ఇంటికి పంపాలా అన్న నిర్ణయం వాటి మీదే ఆధారపడి ఉంటుంది. అయినా చివరికి రోగనిర్ధారణ గడిలో ‘వైరల్ ఫీవర్, ప్లేట్‌లెట్లు తక్కువ’ అని రాసి వెళ్లిపోతారు. పరీక్షలో డెంగీ తేలిన రోగి కూడా అప్పుడు లెక్కల్లో డెంగీ రోగిగా కనిపించరు. ఏ బస్తీలో తీవ్రమైన డెంగీ పెరుగుతోందో ఆరోగ్య శాఖకు తెలియవలసిన సమయంలో తెలియకపోవడానికి ఇదీ ఒక కారణం కాగలదు. నేను ఈ విషయం మీద ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఇంకొక చిన్న మాట. ఆరోగ్యశ్రీలో వాడే ప్యాకేజీ కోడ్‌నూ, ఐసీడీ కోడ్‌నూ ఒకటే అనుకునే జూనియర్లు ఉంటారు. ప్యాకేజీ కోడ్ చేసిన చికిత్సకు సంబంధించినది, ఐసీడీ కోడ్ రోగి స్థితికి సంబంధించినది. ఒకటి రాశామని రెండోది వదిలేయకూడదు.

ప్రశ్న: సికింద్రాబాదులో ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీ చేస్తున్నాను సార్. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి మొదటి కొన్ని గంటల్లో రోగం ఏమిటో తేలదు. ఛాతీ నొప్పితో వచ్చినవారికి ‘? గుండెపోటు’ అని రాస్తాను. ప్రశ్నార్థకం తీసేసి ఏదో ఒకటి ఖాయం చేయమని రికార్డ్స్ సెక్షన్ వారు కేస్ షీట్ తిప్పి పంపుతున్నారు. నేనేం చేయాలి?

సమాధానం: మీకు తెలిసినంత వరకే రాయాలి, అంతకు మించి ఒక్క అక్షరం కూడా ఖాయం చేయకూడదు. కోడ్ కోసం నిర్ధారణను బిగించడం వైద్యధర్మానికి విరుద్ధం. అలాగని ప్రశ్నార్థకం వేసి వదిలేయడం కూడా సరికాదు. ఆ గుర్తుకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీసుకుంటారు: బలమైన అనుమానమా, కొట్టిపారేయడానికి రాసుకున్న అవకాశమా, పరీక్ష ఫలితం రావలసి ఉందా అన్నది చదివేవారికి తెలియదు. దాని బదులు ఒక పూర్తి వాక్యం రాయండి. ‘రెండు గంటలుగా ఛాతీ మధ్యలో నొప్పి, మొదటి ఇ.సి.జి.లో మార్పులు లేవు. ట్రోపోనిన్ రక్తపరీక్ష ఫలితం రావలసి ఉంది. గుండెపోటు కాదని ఇంకా తేలలేదు’ అన్న వాక్యంతో కోడర్‌కూ, మీ తరువాత డ్యూటీకి వచ్చే వైద్యుడికీ, బీమా సంస్థ పరిశీలకుడికీ విషయం అర్థమవుతుంది.

రోగలక్షణాన్నే రోగనిర్ధారణగా రాయడం తప్పు కాదు. లక్షణాల కోసం ఐసీడీ-10లో ఒక పూర్తి అధ్యాయం ఉంది. ఆర్ అక్షరంతో మొదలయ్యే కోడ్లన్నీ అందులోవే. కారణం తెలియని ఛాతీ నొప్పికి ఆర్07.4, స్పృహ తప్పి పడిపోవడానికి ఆర్55, కారణం తేలని జ్వరానికి ఆర్50.9 ఉన్నాయి. గుండెపోటు అనుమానంతో రోగిని పరిశీలనలో ఉంచి, చివరికి అది కాదని తేల్చి పంపితే, దానికి జెడ్03.4 అనే కోడ్ విడిగా ఉంది. ఐసీడీ-11లోనూ లక్షణాలకు ప్రత్యేక అధ్యాయాన్ని కొనసాగించారు.

మీ రికార్డ్స్ సెక్షన్ వారి ఇబ్బందిని కూడా అర్థం చేసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10 నియమాల ప్రకారం చికిత్స ముగిసే నాటికి కూడా ప్రధాన రోగం ‘అనుమానం’ గానే మిగిలి, వేరే వివరమేదీ లేకపోతే, దాన్ని ఖాయమైన రోగంగానే కోడ్ చేయాలి. అంటే మీరు వేసిన ప్రశ్నార్థకం వల్ల గుండెపోటు లేని మనిషి గుండెపోటు రోగిగా లెక్కలోకి ఎక్కే ప్రమాదం ఉంది. అమెరికాలో అత్యవసర విభాగం నుంచి ఇంటికి వెళ్లే రోగుల విషయంలో నియమం ఇందుకు విరుద్ధం: అనుమానాన్ని కోడ్ చేయకూడదు, లక్షణాన్నే కోడ్ చేయాలి. ఇంటర్నెట్‌లో చదివిన సలహా ఏ దేశపు నియమాన్ని బట్టి చెప్పిందో చూసుకోకుండా పాటించవద్దు.

ఐసీడీ-11 మీకు అనుకూలమైన మార్పు ఒకటి తెచ్చింది. నిర్ధారణ తాత్కాలికమైనదనో, ఉన్న అవకాశాల్లో ఒకటనో చెప్పడానికి అనుబంధ కోడ్లున్నాయి. పక్షవాతం విషయం చూడండి. స్కాన్ తీసేలోపు మెదడులో రక్తనాళం మూసుకుపోయిందో, చిట్లిందో ఎవరూ చెప్పలేరు. రెండింటిలో ఏదో తెలియని పక్షవాతానికి ఐసీడీ-10లో ఐ64, ఐసీడీ-11లో 8బి20 ఉన్నాయి. స్కాన్ సౌకర్యం లేని చోట నుంచి రోగిని పంపిస్తున్నప్పుడు ఆ కోడే సరైనది. స్కాన్ చూశాక మాత్రం కేస్ షీట్‌లో ఆ సంగతి మళ్లీ రాయాలి; చాలాచోట్ల ఇదే జరగదు, మొదట రాసిన మాటే చివరిదాకా నిలిచిపోతుంది. అన్నట్టు, పక్షవాతం ఐసీడీ-10లో రక్తప్రసరణ వ్యాధుల అధ్యాయంలో ఉండేది, ఐసీడీ-11లో నాడీ వ్యవస్థ వ్యాధుల అధ్యాయంలోకి మారింది. పాత నివేదికలతో కొత్త నివేదికలను పోల్చేవారు దీన్ని గుర్తుంచుకోకపోతే గుండె, రక్తనాళాల జబ్బులు ఉన్నట్టుండి తగ్గిపోయాయని పొరబడతారు.

ప్రశ్న: సోమాజిగూడ ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో మెడికల్ రికార్డ్స్ విభాగం చూస్తున్నాను. వైద్యులకు కోడింగ్ మీద ఒక పూట శిక్షణ ఏర్పాటు చేస్తే సగం మంది రాలేదు, వచ్చినవారిలో సగం మంది ఫోన్లు చూసుకున్నారు. క్యాజువాల్టీ వైద్యులకు శిక్షణ ఎలా ఇవ్వాలో చెప్పండి.

సమాధానం: క్యాజువాల్టీ వైద్యులను హాలుకు పిలవకండి, మీరే క్యాజువాల్టీకి వెళ్లండి. ఉదయం డ్యూటీ మారే సమయంలో పది నిమిషాలు అడిగి తీసుకోండి. ఐసీడీ అధ్యాయాలన్నీ వరుసగా చెప్పే పాఠం వారికి పనికిరాదు. పురుళ్లు, కంటి జబ్బులు, దంతాలు వారికి రోజూ తగిలేవి కావు. ముందుగా మీ ఆసుపత్రి క్యాజువాల్టీ రిజిస్టరు తీసి, గత కొన్ని నెలల్లో ఏయే సమస్యలతో ఎక్కువమంది వచ్చారో చూడండి. జాబితా చిన్నదే అవుతుంది: రోడ్డు ప్రమాద గాయాలు, ఛాతీ నొప్పి, ఆయాసం, జ్వరం, కడుపునొప్పి, పక్షవాతం, మూర్ఛ, విషం తీసుకోవడం, కుక్క కాట్లు, పాము కాట్లు, వేసవిలో వడదెబ్బ. ఒక్కో రోజు ఒక్కో సమస్య తీసుకోండి. ఆ వైద్యులే రాసిన పాత కేస్ షీట్ ఒకటి, రోగి పేరు కనబడకుండా, వారి ముందు పెట్టి, ‘దీనికి నేను ఏ కోడ్ వేయగలిగాను, ఇంకేం రాసి ఉంటే ఏ కోడ్ వేయగలిగేదాన్ని’ అని చూపించండి. తమ అక్షరాలే కళ్లముందు కనబడితే వైద్యులు వింటారు.

ఉదాహరణకు ఆస్తమా. ‘ఆస్తమా, నెబ్యులైజేషన్ ఇచ్చాం’ అన్న రాతకూ, ‘ఆస్తమా తీవ్రమైంది, వాక్యం పూర్తి చేయలేకపోతున్నారు, ఆక్సిజన్ స్థాయి ఇంత’ అన్న రాతకూ కోడ్ మారుతుంది. ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌కు ఐసీడీ-11లో షాక్ (రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవడం) లేకుంటే 1జి40, ఉంటే 1జి41. రక్తపోటు పడిపోయిందని నర్సు చార్టులో ఉంటుంది, వైద్యుడి నిర్ధారణలో ఉండదు. చార్టును చూసి షాక్ అని మీరు నిర్ణయించలేరు కదా. అలాంటప్పుడు వైద్యుడిని అడిగే పద్ధతి ఒకటి ముందే ఖాయం చేసుకోవాలి. ఆ ప్రశ్న కూడా జవాబును సూచించేలా ఉండకూడదు. ‘షాక్ అని రాయమంటారా’ అని అడగడం తప్పు. ‘రక్తపోటు ఇంత ఉందని చార్టులో ఉంది, దీని గురించి మీ అభిప్రాయం రాయగలరా’ అని అడగడం సరైనది.

కంప్యూటరు తెరల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. రోగనిర్ధారణ గడిలో రెండక్షరాలు టైపు చేయగానే వచ్చే జాబితాలో అన్నిటికంటే పైన ‘వివరం లేనిది’ అన్న రకం కోడ్ ఉంటే, తొందరలో ఉన్న వైద్యుడు దాన్నే నొక్కుతాడు. తప్పు వైద్యుడిది కాదు, ఆ జాబితాను అలా పేర్చినవారిది. మీ ఐ.టి. విభాగంతో కూర్చుని, క్యాజువాల్టీకి వేరే జాబితా తయారు చేయించి, అందులో స్పష్టమైన నిర్ధారణలను పైకి తీసుకురండి. గాయాలకు కుడి, ఎడమ ఎంచుకోకుండా ముందుకు పోనివ్వకపోవడం మంచిదే. కానీ ప్రతి గడినీ తప్పనిసరి చేస్తే ప్రాణాపాయంలో ఉన్న రోగి పక్కన నిలబడ్డ వైద్యుడు ఏదో ఒకటి నొక్కి బయటపడతాడు, అది ఖాళీ గడి కన్నా ప్రమాదకరం.

మారే ముందు కొన్నాళ్లు అవే కేస్ షీట్లకు పాత కోడ్, కొత్త కోడ్ రెండూ వేసి చూడండి. ఎక్కడ ఒక పాత కోడ్ అనేక కొత్త కోడ్లుగా విడిపోతోందో అక్కడే వైద్యుల రాతలో లోటు ఉందని తెలుస్తుంది. హౌస్ సర్జన్లు కొన్ని వారాలకొకసారి మారిపోతుంటారు కాబట్టి కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ మొదటి రోజే ఈ పాఠం చెప్పాలి.

ప్రశ్న: ఉప్పల్ వైపు ఒక ఆసుపత్రిలో క్యాజువాల్టీ డ్యూటీ డాక్టరును. పురుగుల మందు తాగినవారిని తీసుకొచ్చినప్పుడు ‘పొరపాటున తాగారని రాయండి డాక్టరమ్మా’ అని బంధువులు బతిమాలుతారు. కొత్త కోడింగ్‌లో ఉద్దేశం తప్పకుండా నమోదు చేయాలంటున్నారు. పోలీసు కేసుల్లో మేం వేసిన కోడ్ మా మెడకు చుట్టుకుంటుందా?

సమాధానం: అమ్మా, ఉద్దేశాన్ని నమోదు చేయడం కొత్త నియమమేమీ కాదు. ఐసీడీ-10లోనే విషం లోపలికి వెళ్లిన కేసుకు రెండు కోడ్లు వేయాలి. ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుల మందు శరీరం మీద చూపిన ప్రభావానికి టి60.0 ఒకటి; అది ఎలా జరిగిందో చెప్పేది రెండోది. ప్రమాదవశాత్తు అయితే ఎక్స్48, తనకు తాను హాని చేసుకోవడానికైతే ఎక్స్68, ఏదీ తేల్చలేకపోతే వై18. ఈ వై18 కోడ్ ఎందుకుందో గమనించండి. ప్రమాదమా, స్వయంగా చేసుకున్నదా, ఇతరులు చేసిందా అని నిర్ణయించడానికి అందిన సమాచారం చాలనప్పుడు వాడటానికే దాన్ని పెట్టారు. తెలియని దాన్ని తెలియదని చెప్పే అవకాశం వర్గీకరణే మీకు ఇచ్చింది.

రోగి స్పృహలో ఉంటే ఏం జరిగిందో రోగినే, వీలైతే బంధువులు పక్కన లేనప్పుడు, నెమ్మదిగా అడగండి. ఎవరు ఏం చెప్పారో వారి మాటల్లోనే, ‘భర్త చెప్పిన ప్రకారం’, ‘రోగి చెప్పిన ప్రకారం’ అని రాయండి. రెండు కథనాలూ వేర్వేరుగా ఉంటే రెండూ రాయండి. మందు డబ్బా తెచ్చి ఉంటే దాని మీది పేరు, ఎంత తాగారని చెబుతున్నారు, ఎన్ని గంటలైంది, వాసన, కంటిపాప స్థితి, నాడి వేగం, ఊపిరి తీరు నమోదు చేయండి. మీరు సాక్ష్యం చెప్పవలసి వస్తే మీకు అండగా నిలిచేది ఈ రాతే. కోడ్ అనేది ఈ రాతను గణాంకాల కోసం కుదించినది. నేరాన్ని నిర్ణయించే పని దానిది కాదు.

బంధువుల భయాన్ని తీసిపారేయకండి. ఆత్మహత్యకు ప్రయత్నిస్తే జైలుకు పంపుతారని చాలా కుటుంబాలు ఇప్పటికీ అనుకుంటున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, వేరేగా రుజువు కానంతవరకు, అలాంటి వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చెప్పే పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్‌ను కొనసాగించలేదు. ఈ సంగతి రెండు మాటల్లో చెబితే చాలామంది బతిమాలడం మానేసి నిజం చెబుతారు. నిజం రికార్డులో ఉంటేనే ఆ మనిషిని ఇంటికి పంపే ముందు మానసిక వైద్యుడికి చూపించడం జరుగుతుంది. ‘పొరపాటున’ అని రాసి పంపిన మనిషికి ఆ సహాయం అందదు. కోడింగ్ గురించి ఎన్ని చెప్పినా నా దృష్టిలో ఇంతకు మించిన ప్రయోజనం దానికి లేదు.

రోడ్డు ప్రమాదాల్లోనూ ఇలాగే. బండి నడుపుతున్నారా, వెనక కూర్చున్నారా, ఢీకొన్నది కారా, లారీయా, ఎవరూ ఢీకొట్టకుండా జారిపడ్డారా అన్నది ఐసీడీ-10లో ‘వి’ అక్షరంతో మొదలయ్యే కోడ్లలోనే విడివిడిగా ఉంది. ‘ఆర్.టి.ఏ.’ (రోడ్ ట్రాఫిక్ యాక్సిడెంట్) అన్న మూడక్షరాలతో వీటిలో ఏదీ తెలియదు. పాము కాటుకు వచ్చినప్పుడు పామును చంపి తెచ్చినా, ఫోటో తెచ్చినా, నాగుపామా, కట్లపామా, రక్తపింజరా అన్నది గుర్తించగలిగితేనే పేరు రాయండి. లేకపోతే కనురెప్పలు వాలడం, 20 నిమిషాల్లో రక్తం గడ్డకట్టకపోవడం వంటి లక్షణాలు రాయండి.

ప్రశ్న: నేను అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకొని, అమెరికా ఆసుపత్రుల రికార్డులకు కోడ్లు వేసే సంస్థలో కొంతకాలం పనిచేశాను. ఇక్కడి ఆసుపత్రిలో చేరితే ఆ అనుభవం పనికొస్తుందా? ఐసీడీ-11 నేర్చుకోవాలా?

సమాధానం: పనికొస్తుంది, కానీ నేరుగా కాదు. మీరు నేర్చుకున్నది అమెరికా తన అవసరాలకు విస్తరించుకున్న ఐసీడీ-10-సీఎం. దానిలో కోడ్ ఏడు స్థానాల దాకా సాగుతుంది. మన ఆసుపత్రుల బీమా ఫారాల్లో అడిగే ఐసీడీ-10కు ఆ పొడుగు లేదు. గాయాలకు ఏడో స్థానంలో మీరు వేసే ఏ, డి, ఎస్ అక్షరాలు ఇక్కడ అక్కరలేదు. ఐసీడీ-11లో కోడ్ కట్టే తీరే వేరు. ఒకటికి, సున్నాకు పొరబడకుండా ఐ, ఓ అక్షరాలను అందులో వాడలేదు. దాని వెతుకులాట సాధనం, శిక్షణ పాఠాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉచితంగానే అందిస్తోంది, ఇప్పటి నుంచే మొదలుపెట్టండి.

మీ దగ్గరున్న విలువైన అనుభవం వేరొకటి. అమెరికా పాత ఐసీడీ-9-సీఎం నుంచి ఐసీడీ-10-సీఎంకు మారడానికి మొదట 2013 అక్టోబరు 1 గడువు పెట్టుకుంది. దాన్ని 2014కు, తరువాత 2015కు వాయిదా వేసింది. సుమారు 14 వేల కోడ్లు 68 వేలకు పైగా పెరిగినందువల్ల అక్కడి అత్యవసర వైద్యులు గాయాల రాత తీరునే మార్చుకోవలసి వచ్చింది. స్పృహ స్థాయిని కొలిచే గ్లాస్గో స్కేలుకు అక్కడ అంబులెన్సులో ఎంత, క్యాజువాల్టీకి చేరినప్పుడు ఎంత అని వేర్వేరుగా కోడ్ చేసే వీలుంది. మన 108 సిబ్బంది రాసిచ్చే కాగితాన్ని కేస్ షీట్‌తో కలిపి భద్రపరచడం అనే చిన్న అలవాటును మీరు చేరే ఆసుపత్రిలో పెట్టించగలిగితే అది పెద్ద మేలు. ఇంకో సంగతి: 2015లో అక్కడి ప్రభుత్వ బీమా విభాగం, కోడ్ సరైన కుటుంబంలోనిదైతే వివరం చాలలేదన్న ఒక్క కారణంతో వైద్యుల బిల్లులను 12 నెలలపాటు తిరస్కరించబోమని ముందే ప్రకటించింది. మన బీమా సంస్థలు కూడా మార్పు వేళ అలాంటి వెసులుబాటు ఇవ్వాలని కోరుతున్నాను.

ప్రశ్న: మా నాన్నగారిని అర్ధరాత్రి క్యాజువాల్టీలో చేర్చాం. బిల్లు కట్టాక, డిశ్చార్జ్ సమ్మరీలో రోగనిర్ధారణ, ఫారంలో కోడ్ సరిపోలడం లేదని బీమా క్లెయింలు పరిశీలించే సంస్థ (టి.పి.ఎ.) వారు క్లెయిం ఆపారు. మేమేం చేయాలి? (దిల్‌సుఖ్‌నగర్ పాఠకురాలు)

సమాధానం: క్లెయిం ఫారంలో ఆసుపత్రి నింపే రెండో భాగంలో ప్రధాన రోగానికి, ఇతర రోగాలకు ఐసీడీ-10 కోడ్లు రాయాలి. క్యాజువాల్టీలో మొదట వేసిన తాత్కాలిక నిర్ధారణ కోడ్ ఫారంలో ఉండిపోయి, చివరి నిర్ధారణ సమ్మరీలో ఉంటే ఇలా జరుగుతుంది. ఆసుపత్రి బీమా డెస్కుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేసి, రెండింటినీ సరిచూసి వైద్యుడి సంతకంతో వివరణ ఇవ్వమని అడగండి. క్యాజువాల్టీ నోట్సు ప్రతి కూడా జతచేయించండి. ఏ కోడ్ వేస్తే డబ్బు వస్తుందో చెప్పమనీ, అదే రాయమనీ మాత్రం ఎవరినీ అడగకండి. మీ నాన్నగారి రికార్డు రేపు ఇంకో వైద్యుడు చదివి మందు ఇస్తారు.

ప్రశ్న: ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాల్టీలో పనిచేస్తున్నాను. మరణ ధ్రువీకరణలో మా సీనియర్లంతా ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని రాస్తూ వచ్చారు. కోడింగ్ మారితే ఇది కూడా మారాలా?

సమాధానం: కోడింగ్ మారకపోయినా ఇది మారాలి. గుండె ఆగడం, ఊపిరి ఆగడం మరణించే తీరే గాని మరణానికి కారణం కాదు. ఆసుపత్రిలో జరిగిన మరణానికి నింపే 4వ నంబరు ఫారం మొదటి భాగంలో పై వరుసలో మరణానికి తక్షణ కారణం, దాని కింద దానికి దారితీసినది, అన్నిటికన్నా కింద మూలకారణం రాయాలి. గణాంకాల కోసం కోడ్ చేసేది ముఖ్యంగా ఆ మూలకారణాన్నే. ఉదాహరణకు పై వరుసలో మెదడులో రక్తస్రావం, దాని కింద తలకు గాయం, అన్నిటికన్నా కింద బైకు లారీని ఢీకొనడం. మధుమేహం వంటి తోడు జబ్బులు ఈ వరుసలో ఇరికించకూడదు, వాటికి రెండో భాగం ఉంది.

అన్నిటి మీదా ‘అరెస్ట్’ అని రాసిన ఫారం నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. రోడ్డు ప్రమాదంలో పోయినవారు, వడదెబ్బతో పోయినవారు, గుండెపోటుతో పోయినవారు ముగ్గురూ ఒకే గంపలో పడతారు. ప్రాణం పోయాక తీసుకొచ్చినవారి విషయంలో, కారణం మీకు తెలియనప్పుడు, ఊహించి ఫారం నింపకండి. పోలీసులకు తెలియజేసి, పోస్ట్‌మార్టం జరిగేలా చూడండి. మీ చేతుల్లో కొన్ని గంటలు ఉండి పోయినవారి విషయంలో, ఫారంలో ప్రతి కారణం పక్కనా అది మొదలైనప్పటి నుంచి మరణం వరకు గడిచిన సమయం రాయడానికి ఒక గడి ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. కచ్చితంగా తెలియకపోతే నిమిషాలా, గంటలా, రోజులా, ఏళ్లా అని అంచనాగానైనా రాయండి. కారణాల వరుస తలకిందులైతే కోడర్ దాన్ని పసిగట్టేది ఆ గడిని చూసే.